అనుకోకుండా బయలుదేరిన విశాఖ యాత్ర

విజయవాడ నుండి విశాఖపట్నానికి రైలుమార్గంలో సుమారు 350 కిలోమీటర్లు ఉంటుంది. రాత్రి అనుకుని, తెల్లవారి బండి ఎక్కితే మధ్యాహ్న భోజనం వేళకు దిగిపోవచ్చు. అయినా ఉద్యోగాలూ, పిల్లల పరీక్షలూ, ఇంటి పనులూ అడ్డుపడి, కళాశాల రోజుల నుండి కలిసి తిరుగుతున్న మా నలుగురికీ అంతపాటి ప్రయాణం ఏళ్ల తరబడి కుదరలేదు. మార్గశిర మాసంలో ఒక గురువారం రాత్రి, ఓడల సరకు రవాణా సంస్థలో పనిచేసే మిత్రుడు ఫోను చేసి, "ఒరేయ్, రేపు పొద్దున్నే రత్నాచల్‌కి విశాఖ పోదాం. ఆలోచించడం మొదలుపెడితే మళ్లీ ఆగిపోతాం" అన్నాడు. గంటలోపల మిగిలిన ఇద్దరూ ఒప్పుకున్నారు. వారిలో ఒకడు చరిత్ర బోధించే అధ్యాపకుడు. రెండవవాడు ఏ ఊరు వెళ్లినా ముందుగా అక్కడి చేపల బజారు ఎక్కడో అడిగే భోజనప్రియుడు. చూడవలసినవాటి పట్టిక వేసుకోకూడదనీ, మనసు నిలిచిన చోట తొందరపడకుండా ఉండిపోవాలనీ మాత్రం మాలో మేము ఒక మాట అనుకున్నాము. ఈ యాత్ర నాకు ఇంత తృప్తినివ్వడానికి ఆ నిర్ణయమే కారణమని నమ్ముతున్నాను.

శుక్రవారం

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చునే సీట్లు దొరికాయి. రాత్రి బండ్లలో నిద్రపోతూ దాటిపోయే దారిని పగటి వెలుగులో చూడగలగడం ఈ రైలుతో కలిగే గొప్ప లాభం. ఏలూరు, తాడేపల్లిగూడెం దాటేదాకా కోతలు ముగిసిన వరిచేలు, వాటి మధ్య కొబ్బరితోటలు కనిపించాయి. కొవ్వూరు దాటి బండి గోదావరి వంతెన మీదికి రాగానే బోగీలోని వారందరూ కిటికీల వైపు జరిగారు. కొందరు నదిలోకి నాణేలు విసిరి దణ్ణం పెట్టుకున్నారు. తుని తరువాత పొలాల వెనుక తూర్పు కనుమలు దగ్గరవుతూ వస్తాయి, నేల రంగు మారుతుంది, తాటిచెట్లు ఎక్కువవుతాయి. అనకాపల్లిలో బెల్లం దిమ్మలు మోసుకుంటూ కొందరు ఎక్కారు. దువ్వాడ సమీపిస్తుండగా ఉక్కు కర్మాగారం ప్రస్తావన వచ్చింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారని అధ్యాపక మిత్రుడు గుర్తు చేశాడు. ఆ కర్మాగారానికి 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తరువాత స్టేషను వచ్చేవరకు మా మాటలు ఉద్యమం చుట్టూనే తిరిగాయి.

జగదాంబ కూడలికి దగ్గరలో గదులు తీసుకుని, భోజనం ముగించి, ఎండ తగ్గుతుండగా రామకృష్ణా బీచికి నడిచాము. తూర్పు తీరం కాబట్టి ఇక్కడ సూర్యుడు నగరం వెనుక అస్తమిస్తాడు. అందువల్ల సాయంత్రానికి ఇసుక అంతా నీడలోకి వెళ్లి, దూరాన సముద్రం మాత్రం ఇంకా వెలుగుతూ కనిపిస్తుంది. రేవులోకి పిలుపు కోసం లంగరు వేసి నిలిచిన ఓడలు ఆ వెలుగులో వరుసగా కనిపించాయి. నీళ్లలోకి దిగబోయిన మమ్మల్ని మా ఓడల మిత్రుడు మోకాలి లోతులోనే ఆపివేశాడు. ఈ తీరంలో రాళ్లూ, కాళ్ల కింది ఇసుకను లాగేసే బలమైన ప్రవాహమూ ఉన్నాయి. హెచ్చరిక బోర్డులను లెక్కచేయని ఈతగాళ్లకు ఈ అందమైన తీరమే ప్రాణాంతకమవుతుంది.

అక్కడే అతడు చెప్పిన ఇంకొక సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా వచ్చి తీరాన్ని తాకడం వల్ల, బంగాళాఖాతపు పశ్చిమ తీరం వెంబడి ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి నిరంతరం కదులుతూ ఉంటుంది. రేవును అలల నుండి కాపాడేందుకు సముద్రంలోకి కట్టిన రాతి గోడలు ఆ కదలికకు కూడా అడ్డుపడతాయి. గోడలకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఉన్న బీచికి రావలసిన ఇసుక రాకుండా పోతుంది. అందుచేత రేవువారు పేరుకున్న ఇసుకను తవ్వితీసి, గొట్టాల ద్వారా బీచి వైపు పంపుతుంటారు. మేము పిల్లల్లా గుప్పిళ్లతో ఆడుకున్న ఆ ఇసుకలో కొంతభాగం మనుషులు తెచ్చి పోసినదే. నగరానికి బతుకుతెరువు ఇచ్చిన రేవు ఒక చేత్తో తీసుకున్నదానిని మరొక చేత్తో తిరిగి ఇవ్వవలసిన బాధ్యతను మోస్తున్నదని తెలిశాక, బీచిలో చెత్త పడవేసేవారిని చూస్తే నాకు మునుపటికన్నా ఎక్కువ బాధ కలిగింది.

చీకటి పడేముందు కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్లాము. సోవియట్ యూనియన్‌లో నిర్మించిన ఈ నౌక 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరి, 1971 భారత-పాకిస్తాన్ యుద్ధంలో పాల్గొని, 2001 ఫిబ్రవరిలో విరమించింది. 2002 ఆగస్టు నుండి ఇసుక మీద ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. పొడవు 91 మీటర్లు ఉన్నా, లోపల ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవలసిందే. ముందువైపు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు, వాటికి ఆనుకుని నిద్రించే బల్లలు, నిలువుగా చేతులు చాపడానికి చోటులేని వంటగది, అడుగడుగునా గుండ్రని ఇనుప ద్వారాలు ఉన్నాయి. సుమారు 75 మంది సిబ్బంది ఈ ఇరుకులో వారాల తరబడి పనిచేసేవారు. నీటిపైన డీజిల్ ఇంజన్లతో, నీటి కింద బ్యాటరీలతో నౌక నడిచేదని అక్కడి మార్గదర్శకుడు వివరించాడు. ఆయన నౌకాదళంలో పనిచేసి విరమించినవాడు కావడంతో, ప్రతి మీటను ముట్టుకుని చూపిస్తూ చెప్పిన తీరులో వృత్తి పట్ల ఆయనకున్న ప్రేమ స్పష్టంగా కనిపించింది.

బయటికి వచ్చి, 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ముందు కూర్చున్నాము. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి సమీపంలోనే మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బయటపడలేదు. కుర్సురా లోపల తిరిగి వచ్చిన తరువాత, శత్రునౌక అయినా సరే, ఆ ఇరుకు గదుల్లోకి నీరు చొరబడిన క్షణాన్ని ఊహించకుండా ఉండలేకపోయాము. రోడ్డుకు ఆవలివైపు ప్రదర్శనకు ఉంచిన నౌకాదళపు టీయూ 142 విమానాన్ని మాత్రం బయటి నుండే చూసి, మురీ మిక్చరు పొట్లాలు కొనుక్కుని గదికి చేరాము.

శనివారం

భోజనప్రియుడి పట్టుదల వల్ల తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు చేరుకున్నాము. విశాఖను తెలుసుకోవాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పే చోటు ఇకపై ఇదే. రాత్రంతా సముద్రం మీద గడిపిన మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చి ఆగుతుంటే, గంపలకొద్దీ చేపలు చేతులు మారి గట్టు మీద కుప్పలయ్యాయి. కోనేలు, చందువలు, కనాగుర్తలు, రకరకాల రొయ్యలు, మనిషి మోయలేని బరువున్న ట్యూనాలు తడి నేల మీద వరుసలు తీరాయి. వేలం పాడేవాడి గొంతు ఎంత వేగంగా సాగుతుందంటే, ధర ఎక్కడ ఆగిందో మాకు అర్థమయ్యేలోపు ఆ కుప్ప మంచుపెట్టెలోకి వెళ్లిపోయేది. బోటు మీద పని మగవారిదైతే, గట్టు మీద వ్యాపారం చాలావరకు ఆడవారిది. ధర నిర్ణయించేదీ, అప్పు లెక్కలు గుర్తుంచుకునేదీ, వీధివీధికీ చేపలు చేర్చేదీ వారే. మా మిత్రుడు ఒక కోనేన్ని వేలితో నొక్కి చూస్తూ ఉంటే, అమ్మే పెద్దావిడ నవ్వి, "ఏటి బాబూ అలా నొక్కీసి సూత్తావు? మొప్పలెత్తి సూడు, ఎర్రగున్నాయా నేదా?" అన్నది. మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. "వండించుకోడానికి మాకు చోటు లేదమ్మా" అంటే, గట్టు దాటాక ఉన్న చిన్న హోటలు చూపించి, తన పేరు చెప్పమన్నది. ఆ చేపల పులుసుతో మధ్యాహ్నం తిన్న అన్నం రుచిని వర్ణించడానికి నా దగ్గర తగిన మాటలు లేవు.

అక్కడి జాలరులతో మాట్లాడుతుండగా వేట నిషేధం గురించి విన్నాము. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. ఆ రోజుల్లో వలలు అల్లుకోవడం, బోట్లు బాగుచేసుకోవడం తప్ప సంపాదన ఉండదు. 2023 నవంబరులో ఒక రాత్రి ఇదే హార్బరులో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఒక బోటు మీద ఎన్ని కుటుంబాలు బతుకుతాయో మాకు చెప్పిన యువకుడు, ఆ రాత్రి సంగతి వచ్చేసరికి మాట ఆపి చాలాసేపు నీళ్ల వైపు చూశాడు.

అటునుండి పాతపట్నంలోకి నడిచాము. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి మార్గశిరంలో భక్తులు వేలాదిగా వస్తారు. గురువారాలలో క్యూలు వీధులు దాటుతాయని విన్నాము, శనివారమూ రద్దీకి కొదవ లేదు. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండా వానా తగిలే ఆ గద్దె మీద ఉన్న మూర్తికి భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు అద్ది పూజ చేసుకుంటారు. మధ్యలో పూజారి లేకుండా ఒక పండు ముసలమ్మ అమ్మవారి పాదాలకు పసుపు రాస్తూ ఇంటి కష్టాలు చెప్పుకోవడం చూస్తే, పట్నం ఎంత పెరిగినా ఇక్కడ గ్రామదేవత తన ఊరితో బంధుత్వాన్ని వదులుకోలేదని అనిపించింది.

రేవు ముఖద్వారం పక్కన మూడు కొండలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి ఉన్నాయి. చర్చి ఉన్న రాస్ హిల్ ఎక్కితే విశాఖ ఎందుకు విశాఖ అయిందో కంటికి కనిపిస్తుంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకుని నిలబడి, దక్షిణం నుండి వచ్చే అలలను తన మీద తీసుకుంటుంది. దాని నీడలో ఒక సన్నని నీటిదారి నేలలోపలికి వెళ్తుంది. ఒకప్పుడు బురదనేలగా ఉన్న ఆ లోపలి భాగాన్ని తవ్వి కట్టిన రేవులోకి 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొదటిసారి ప్రవేశించింది. డిసెంబరులో అప్పటి వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన జలఉష 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగింది. మేము చూస్తుండగానే ఒక సరకు ఓడ ఆ సన్నని దారిలోకి వచ్చింది. ముందొకటి, వెనుకొకటి టగ్గులనే చిన్న పడవలు దానిని పట్టి నడిపిస్తుంటే, ఇళ్ల మిద్దెల పక్క నుండి అంత పెద్ద ఇనుప గోడ నెమ్మదిగా జరిగిపోవడం చూసి మా మాటలన్నీ ఆగిపోయాయి. అది రేవు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా మేమెవ్వరమూ మెట్ల మీది నుండి లేవలేదు.

సాయంత్రం కైలాసగిరి ఎక్కాము. వారాంతపు జనం ఎక్కువగా ఉండి, తీగల మీద నడిచే పెట్టె కోసం చాలాసేపు వేచి ఉండవలసి వచ్చింది. పైనుండి కనిపించే తీరపు వంపు మాత్రం ఆ శ్రమకు తగినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదనే తీరం దాటినప్పుడు కొండల మీది పచ్చదనమంతా ఊడ్చుకుపోయింది. ఇప్పుడు ఆ కొండలు మళ్లీ చిక్కని ఆకుపచ్చగా కనిపించడం మా అందరికీ సంతోషం కలిగించింది.

ఆదివారం

భీమిలి (భీమునిపట్నం) దారి కోసం ఒక ఆటోను రోజంతటికీ మాట్లాడుకున్నాము. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం విడవకుండా వెంట వచ్చే ఆ రోడ్డు మీద రుషికొండ దగ్గర కొద్దిసేపే ఆగాము. పడవలూ జనమూ సందడిగా ఉన్న ఆ బీచి కుటుంబాలతో వచ్చేవారికి నచ్చుతుంది.

మా మనసు నిలిచింది తొట్లకొండ మీద. మంగమారిపేట దగ్గర రోడ్డు విడిచి పైకి వెళ్తే, సముద్రానికి అభిముఖంగా ఒక బౌద్ధ సంఘారామం పునాదులు విశాలంగా పరచుకుని ఉన్నాయి. నౌకాదళం ఒక స్థావరం కోసం గగనతలం నుండి సర్వే చేసినప్పుడు ఈ ప్రదేశం దృష్టికి వచ్చింది. 1988 తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి స్తూపాన్నీ, చైత్యగృహాలనూ, భిక్షువుల గదులనూ, స్తంభాల మండపాన్నీ, భోజనశాలనూ వెలికితీసింది. క్రీస్తుపూర్వం నాటి నుండి క్రీస్తుశకం 3వ శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులు నివసించారు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరకడం వల్ల, ఈ కొండకు సముద్ర వర్తకంతో సంబంధం ఉండేదని తెలుస్తున్నది. అధ్యాపక మిత్రుడు మమ్మల్ని ఒక గది పునాది మీద నిలబెట్టి, "ఈ గదిలో పడుకున్న భిక్షువుకు లేవగానే కనిపించేది ఓడల దారే. సన్యాసులు ఊరికి దూరంగా ఉన్నారనుకుంటాం గానీ, వర్తకులు ఇచ్చే దానాలు లేకుండా ఇంత పెద్ద ఆరామం నడవదు" అన్నాడు. వాననీటిని నిలవచేసేందుకు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎత్తైన రాతి కొండ మీద ఇంతమందికి ఏడాది పొడవునా నీరు ఎలా అందించాలన్న సమస్యను వారు ఎంత శ్రద్ధగా పరిష్కరించారో ఆ తొట్ల మధ్య తిరుగుతున్నప్పుడు అర్థమైంది. బయలుదేరమని ఆటో డ్రైవరు రెండుసార్లు వచ్చి పిలిచేదాకా మేము అక్కడే ఉన్నాము.

తరువాత ఎర్రమట్టి దిబ్బలు చూశాము. భీమిలికి చేరువలో, తీరాన్ని ఆనుకునే, గాలీ వానా చెక్కిన ఎర్రని గోడలు మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లు పైకి లేచి, వాటి మధ్య సన్నని దారులు మెలికలు తిరుగుతూ వెళ్తాయి. మంచుయుగంలో సముద్రం వెనక్కు తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలులు ఇక్కడికి ఎత్తిపోశాయి. వేల ఏళ్లలో ఆ రేణువుల చుట్టూ ఇనుప ఆక్సైడు పొరకట్టి ఈ రంగు వచ్చింది. దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకలలోని కొన్ని చోట్ల తప్ప ఇటువంటి తీరప్రాంతపు ఎర్ర ఇసుక దిబ్బలు కనిపించవు. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అయినా గోడల మీద పేర్లు చెక్కినవారూ, దిబ్బల అంచులు ఎక్కి మట్టి రాల్చేవారూ మాకు ఎదురయ్యారు. ఈ గోడలు రాయి కావు, చేతితో గీస్తే రాలిపోయే మెత్తని ఇసుక. ఒకసారి రాలినదానిని ఎవరూ తిరిగి కట్టలేరు కాబట్టి, ఇక్కడికి వచ్చేవారు దారులు దాటకుండా నడవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం దాటాక భీమునిపట్నం చేరాము. అరకు వైపు అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. 1825లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. డచ్చి శ్మశానవాటికలో కోసుగా లేచిన సమాధుల మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయినా, కొన్ని తేదీలను వేళ్లతో తడిమి చదవగలిగాము. ఇక్కడి వస్త్రాల కోసం అన్ని వేల మైళ్లు ప్రయాణించి వచ్చి, చిన్న వయసులోనే ఈ ఇసుకలో కలిసిపోయినవారు వీరు. పాత దీపస్తంభం, గడియార స్తంభం, పెంకుటిళ్ల వీధులు చూస్తూ నది కలిసే చోటికి నడిచి, అక్కడ పిల్లలు వలలు ఆరబెడుతుంటే వారితో మాట్లాడుతూ పొద్దు గడిపాము. విశాఖలో మళ్లీ ఒక సాయంత్రం మాత్రమే దొరికితే, ఆ సాయంత్రాన్ని భీమిలికే ఇస్తాను.

సోమవారం

తిరుగు బండి మధ్యాహ్నానికి కాబట్టి తెల్లవారుజామునే సింహాచలం చేరాము. సంపెంగల వాసనతో నిండిన మెట్లదారిన కొంతదూరం నడిచి, ఆలయంలోకి వెళ్లేసరికి రద్దీ ఇంకా పెరగలేదు. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాదంతా చందనపు పూతలోనే దర్శనమిస్తాడు. వైశాఖ శుద్ధ తదియనాడు, చందనోత్సవం సందర్భంగా, ఒక్కరోజు మాత్రమే నిజరూపం కనిపిస్తుంది. పడమటి ముఖంగా ఉన్న ఈ ఆలయం కళింగ గాంగుల కాలంలో, 13వ శతాబ్దంలో, ఇప్పటి రూపాన్ని సంతరించుకున్నది. అంతకుముందే, 11వ శతాబ్దం చివరి నాటి కులోత్తుంగ చోళుని శాసనం ఇక్కడ ఉన్నది. కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామిని దర్శించి కానుకలు సమర్పించుకున్నాడు. గోడల మీది శాసనాల వరుసలను అధ్యాపక మిత్రుడు అక్షరం అక్షరంగా కూడబలుక్కుంటుంటే, సంతానం కోరి కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటున్న దంపతులకు దారి విడుస్తూ మేము పక్కన నిలబడ్డాము. కొండ దిగేటప్పుడు దారి పక్క అమ్ముతున్న అనాసపండ్లు కొన్నాము. స్టేషనుకు వెళ్లే దారిలో ఇళ్లకు మాడుగుల హల్వా పొట్లాలు కట్టించుకున్నాము. గోధుమపాలూ నెయ్యీ కలిపి చేసే ఆ హల్వాలో భోజనప్రియుడి వాటా మా ముగ్గురి వాటాలకు సమానం.

అరకు వెళ్లకుండా విశాఖ చూశామంటే ఎలా అని ఇంట్లోవారు అడిగారు. కొత్తవలస నుండి కిరండూల్ వెళ్లే ఆ రైలుమార్గంలో 58 సొరంగాలు ఉన్నాయనీ, బొర్రా గుహలు చూసి తీరవలసినవనీ మాకు తెలుసు. అయితే ఆ కొండదారికి కనీసం ఒక పగలు పూర్తిగా కావాలి, ఆ పగలును తొట్లకొండ నుండో, హార్బరు గట్టు నుండో తీసి ఇవ్వాలంటే మా నలుగురిలో ఎవరూ ఒప్పుకునేవారు కారు. అరకుకు విడిగా వెళ్తాము. ఎప్పుడన్నది ఇంకా అనుకోలేదు.